తాళంచెవి ఎవరి చేతిలో? - ఆఫీసు రౌటర్, దూరనిర్వహణ, స్త్రీల గోప్యత

(మధురానగర్‌లో మహిళా సంస్థల కార్యకర్తల కోసం జరిగిన ఒకరోజు శిక్షణా సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆఫీసు ఇంటర్నెట్ రౌటర్‌ని దూరం నుంచి, భద్రంగా నిర్వహించుకోవడం గురించి ఈ సమావేశంలో మాట్లాడమని నన్ను అడిగారు. సమాజశాస్త్రం చదువుకున్న మనిషి రౌటర్ల గురించి ఏం చెబుతుందని మీలో కొందరికి సందేహం రావచ్చు. ఇది ఇంజనీర్లు చూసుకునే పని, మనకెందుకు అని కూడా అనిపించవచ్చు. ఆ 'మనకెందుకు' దగ్గరే నేను మొదలుపెడతాను. ఏ జ్ఞానం ఎవరిది, ఏ పనిముట్టు ఎవరి చేతిలో ఉండాలి అన్నది ఎప్పుడూ అధికారానికి సంబంధించిన ప్రశ్నే. 1991లో 'సవాలక్ష సందేహాలు' పుస్తకం తెచ్చిన స్త్రీలు మన శరీరాల గురించిన జ్ఞానం డాక్టర్ల గుత్తసొత్తు కాదని చెప్పారు. డాక్టర్లు అక్కర్లేదని వాళ్ళు అనలేదు. డాక్టరు దగ్గరికి వెళ్ళేముందు మనకి ఏం తెలిసి ఉండాలి, ఏం అడగాలి అన్నదే అక్కడి విషయం. రౌటర్ విషయంలో నేను చెప్పబోయేదీ అంతే.

మనం కూర్చున్న ఈ చోటు కూడా ఆలోచించదగ్గదే. ఇక్కడినుంచి నడిచి వెళ్ళే దూరంలో అమీర్‌పేట మైత్రీవనం ఉంది. 1990ల చివరినుంచి ఆ చుట్టుపక్కల ప్రతి అంతస్తులోనూ కంప్యూటర్ కోర్సుల బోర్డులే. నెట్‌వర్కింగ్ నేర్చుకోవడానికి జిల్లాలనుంచి వచ్చే అమ్మాయిలు ఎస్.ఆర్.నగర్‌లోనూ, ఈ మధురానగర్‌లోనూ హాస్టళ్ళలో ఉంటారు. ఇక్కడి మెట్రో స్టేషన్‌కి స్త్రీల కోసమని 'తరుణి' అని పేరు పెట్టారు. ఇంత చదువు, ఇంతమంది అమ్మాయిలు ఉన్నచోట, స్త్రీలు నడిపే చిన్న ఆఫీసులకి, బొటిక్‌లకి, హాస్టళ్ళకి, కౌన్సెలింగ్ కేంద్రాలకి వెళ్ళినప్పుడల్లా నేను ఒక ప్రశ్న అడుగుతున్నాను. 'మీ రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉంది?' చాలామంది వెంటనే వైఫై పాస్‌వర్డ్ చెప్పేస్తారు. అది కాదు, రౌటర్ లోపలి సెట్టింగులు మార్చే పాస్‌వర్డ్ అంటే, 'ఆ అబ్బాయి పెట్టి వెళ్ళాడండీ' అనో, 'సార్‌కి తెలుసు' అనో, 'డబ్బా కిందే స్టిక్కర్ మీద ఉంటుంది కదా' అనో సమాధానం వస్తుంది. ఈ మూడు సమాధానాల్లో ఏదీ 'నా దగ్గర ఉంది' కాదు.

రౌటర్‌కి ఏం తెలుస్తుంది?

మన ఆఫీసులోని ఫోన్లు, కంప్యూటర్లు, ప్రింటర్, సీసీ కెమెరా అన్నీ ఒక లోపలి నెట్‌వర్క్. బయటిది ఇంటర్నెట్. ఈ రెంటికీ మధ్య ఉన్న గుమ్మం రౌటర్. వైఫై పాస్‌వర్డ్ గుమ్మంలోంచి లోపలికి వచ్చేందుకు అనుమతి. అడ్మిన్ పాస్‌వర్డ్ గుమ్మాన్నే మార్చగల అధికారం. ఈ రెంటినీ ఒకటే అనుకోవడం వల్ల చాలా నష్టం జరుగుతోంది.

అడ్మిన్ అధికారం ఉన్న మనిషికి ఏమేం కనిపిస్తాయి? ఏ ఫోన్ ఎన్ని గంటలకి వైఫైకి కలిసింది, ఎప్పుడు వెళ్ళిపోయింది అన్నది కనిపిస్తుంది. ఫోన్‌కి మనం మన పేరే పెట్టుకుంటే ఆ పేరూ కనిపిస్తుంది. ఏ వెబ్‌సైట్లకి వెళ్ళారన్నది చాలా రౌటర్లలో నమోదు చేయవచ్చు. ఈనాడు ఎక్కువ సైట్లు రహస్య సంకేతాల్లో నడుస్తాయి కాబట్టి మీరు రాసిన ఉత్తరం, కట్టిన డబ్బు వివరాలు సాధారణంగా కనిపించవు. కానీ ఒక స్త్రీ విడాకుల లాయరు సైటుకి వెళ్ళిందనో, షెల్టర్ హోమ్ గురించి చూసిందనో, గర్భస్రావం చేసే ఆసుపత్రి వెతికిందనో తెలిస్తే చాలదా? లోపల ఏం చదివిందో తెలియక్కర్లేదు.

ఇంకొకటి ఉంది. సైటు పేరు చెబితే దాని అసలు చిరునామా వెతికి ఇచ్చే ఏర్పాటుని డిఎన్ఎస్ అంటారు, పాత టెలిఫోన్ డైరెక్టరీ లాంటిది. అడ్మిన్ ఆ డైరెక్టరీనే మార్చేయగలడు. మీరు బ్యాంకు పేరు కొడితే దొంగ సైటుకి పంపవచ్చు. 'డిఎన్ఎస్ ఛేంజర్' అనే ముఠా ఈ పనే చేసింది. 2011 నవంబరులో అమెరికా ఎఫ్‌బిఐ ఈ కేసు బయటపెట్టేనాటికి ప్రపంచవ్యాప్తంగా సుమారు 40 లక్షల కంప్యూటర్లు దాని బారిన పడి ఉన్నాయి.

దూరం నుంచి నడపడం అవసరమే

రౌటర్‌ని దూరం నుంచి ముట్టుకోకుండా ఉంటే పోలేదా అని అడగవచ్చు. అది సాధ్యం కాదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు ఆఫీసులకి తాళాలు పడ్డాయి. సరిగ్గా అప్పుడే గృహహింస ఫిర్యాదులు పెరిగాయని జాతీయ మహిళా కమిషన్ చెప్పింది, ఏప్రిల్‌లో వాట్సాప్ నెంబరు కూడా ఇచ్చింది. ఫైళ్ళు ఆఫీసులో, కార్యకర్తలు ఇళ్ళలో. అప్పుడు తెలిసింది, దూరం నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్ళగలగడం విలాసం కాదని. జిల్లాల్లో రెండుమూడు కేంద్రాలు నడిపే సంస్థలకైతే నెట్ పోయిన ప్రతిసారీ హైదరాబాదు నుంచి మనిషి వెళ్ళడం అయ్యే పని కాదు.

పైగా మనం చేసినా చేయకపోయినా దూరనిర్వహణ జరుగుతూనే ఉంటుంది. కనెక్షన్ ఇచ్చిన కంపెనీ తన ఆఫీసులో కూర్చునే మీ రౌటర్‌ని సరిచేయగలదు. దీనికోసం 2004లో టిఆర్-069 అనే ప్రమాణం తయారైంది. కంపెనీకి ఇది అవసరమే. కానీ ఆ దారిలోనే ఇతరులూ రావచ్చు. 2016 నవంబరులో జర్మనీలో డాయిష్ టెలికామ్ వినియోగదారుల రౌటర్లు సుమారు 9 లక్షలు ఒక్కసారిగా పనిచేయకుండా పోయాయి. ఈ నిర్వహణ కోసం తెరిచి ఉంచిన దారిమీద జరిగిన దాడి వల్లే అలా అయింది. అంతకుముందు అక్టోబరులో 'మిరాయ్' అనే ప్రోగ్రాము ఫ్యాక్టరీలో పెట్టిన పాస్‌వర్డులు మార్చని కెమెరాలనీ రౌటర్లనీ లొంగదీసుకుని, వాటితోనే అమెరికాలో పెద్దపెద్ద వెబ్‌సైట్లని కొన్ని గంటలు స్తంభింపజేసింది. దానికి కావలసింది అరవై చిల్లర పాస్‌వర్డుల జాబితా, అంతే. మన దేశంలో 2017 జులైలో బిఎస్ఎన్ఎల్ వినియోగదారుల మోడెములు ఇలాగే దెబ్బతిన్నాయి. పాస్‌వర్డ్ 'అడ్మిన్' అనే ఉంచేసిన మోడెములే బలయ్యాయి. 2018లో మైక్రోటిక్ రౌటర్లలో బయటపడిన లోపానికి ఏప్రిల్‌లోనే మందు వచ్చింది. ఆ అప్‌డేట్ వేసుకోని రౌటర్లని ఆ తర్వాత నెలలతరబడి ఇతరులు తమ లాభానికి వాడుకున్నారు.

ఈ ఉదాహరణలన్నిటిలో ఒకటే పాఠం. రౌటర్ పెట్టె చిన్నదో పెద్దదో, సంస్థ ముఖ్యమైనదో కాదో చూసి దాడి చేసేవాళ్ళు రారు. తెరిచి ఉన్న ప్రతి తలుపునీ యంత్రాలే తడుతూ తిరుగుతుంటాయి.

తెలిసిన మనిషి చేతిలో ఉన్నప్పుడు

కానీ మనం పనిచేసే స్త్రీలకి ప్రమాదం ఎక్కువగా ముక్కూమొహం తెలియని ముఠాల నుంచి రాదు. హింస విషయంలో మనకి తెలిసిన సత్యమే ఇక్కడా వర్తిస్తుంది. ఎక్కువసార్లు ఆ మనిషి తెలిసినవాడే.

ఒక స్త్రీ అనుభవం, ఆమె అనుమతితో, గుర్తుపట్టే వివరాలు తీసేసి చెబుతాను. ఆమె బట్టలు కుట్టించే చిన్న వ్యాపారం నడుపుతోంది. భర్తనుంచి విడిగా ఉంటోంది. షాపులో నెట్ కనెక్షన్ కలిసి ఉన్నరోజుల్లో అతను పెట్టించిందే. రౌటర్‌ని ఫోన్ యాప్ ద్వారా నడపవచ్చు, ఆ యాప్ అతని ఈమెయిల్‌తో ముడిపడి ఉంది. ఆమె షాపు ఎన్నింటికి తెరిచింది, ఎవరి ఫోన్ కొత్తగా వచ్చి కలిసింది అన్నది అతనికి ఇంట్లో కూర్చుంటే తెలిసేది. ఆర్డర్లు వచ్చే సమయానికి నెట్ ఆగిపోయేది. 'నిన్న రాత్రి తొమ్మిదిదాకా షాపులో ఎవరున్నారు?' అని మెసేజ్ వచ్చేది. ఆమె మొదట తన ఫోన్‌లో ఏదో పెట్టాడనుకుంది, ఫోన్ మార్చింది. తర్వాత పనిచేసే అమ్మాయిని అనుమానించింది. అసలు విషయం గోడమీది డబ్బాలో ఉందని తెలియడానికి కొన్ని నెలలు పట్టింది. ఆ నెలల్లో ఆమె పోగొట్టుకున్నది నెట్ ఒక్కటే కాదు, తనతో పనిచేసే మనిషిమీద నమ్మకం కూడా.

దీనికి చట్టంలో పేరుంది. జస్టిస్ వర్మ కమిటీ తర్వాత 2013లో చేసిన సవరణతో, ఒక స్త్రీ ఇంటర్నెట్, ఈమెయిల్ వాడకంపై నిఘా పెట్టడం 'స్టాకింగ్' నేరం అయింది. 2024 జులై 1 నుంచి ఇది భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్‌లో ఉంది. మొదటిసారి నేరం రుజువైతే మూడేళ్ళదాకా జైలు. అనుమతి లేకుండా ఇతరుల కంప్యూటర్ నెట్‌వర్క్‌లోకి వెళ్ళడం ఐటి చట్టం 43, 66 సెక్షన్ల కిందికి వస్తుంది.

ఇక్కడ కార్యకర్తలు జాగ్రత్తగా వినవలసిన మాట ఒకటుంది. ఇలాంటి విషయం బయటపడగానే మన మొదటి ఆలోచన రౌటర్ వెనక రీసెట్ బటన్ నొక్కేయడం. నొక్కితే అతని అధికారం పోతుంది, నిజమే. దాంతోపాటు రౌటర్‌లో ఉన్న రికార్డు కూడా చాలావరకు చెరిగిపోతుంది. ముందు యాప్‌లోనూ, అడ్మిన్ పేజీలోనూ కనిపించే ఖాతా పేరు, లాగిన్ సమయాలు, మార్చిన సెట్టింగులు ఫోటోలు తీసి తేదీతో భద్రపరచండి. కోర్టులో ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ కావాలి కాబట్టి లాయరుతో ముందే మాట్లాడండి. రెండోది, అతన్ని బయటికి నెట్టేసిన క్షణంలో అతనికి ఆ సంగతి తెలుస్తుంది. తన పట్టు జారిందని తెలిసిన సమయమే చాలాసార్లు అతి ప్రమాదకరమైన సమయం. ఆ రాత్రి ఆమె ఎక్కడ ఉంటుంది, ఎవరు తోడుంటారు అన్నది నిర్ణయించుకున్నాకే రీసెట్. ఏ రోజు చేయాలన్నది ఆమె నిర్ణయం, మనది కాదు.

భద్రంగా చేయడం ఎలా

దూరం నుంచి రౌటర్‌లోకి వెళ్ళడానికి మూడు దారులున్నాయి.

మొదటిది, అడ్మిన్ పేజీని నేరుగా ఇంటర్నెట్‌కి తెరిచిపెట్టడం. 'రిమోట్ మేనేజ్‌మెంట్' అనే మీట వేస్తే చాలు, పని అయిపోతుంది. అందుకే సెట్ చేయడానికి వచ్చినవాళ్ళు ఇదే చేసి వెళతారు. వీధి గుమ్మం మీదే బీరువా పెట్టడం లాంటిది ఇది. దీన్ని ఆపేయండి.

రెండోది, రౌటర్ తయారుచేసిన కంపెనీ యాప్ ద్వారా, వాళ్ళ సర్వర్ మీదుగా వెళ్ళడం. సులభం, చిన్న సంస్థలకి సరిపోతుంది. కానీ ఆ ఖాతా ఎవరి ఈమెయిల్ మీద ఉందన్నదే ప్రశ్న. డైరెక్టరు భర్త ఈమెయిల్ మీదో, మానేసి వెళ్ళిపోయిన ఉద్యోగి ఈమెయిల్ మీదో ఉండకూడదు. సంస్థ పేరుమీద ఉండాలి. పాస్‌వర్డ్‌తోపాటు ఫోన్‌కి వచ్చే రెండో అంకె కూడా అడిగేలా పెట్టాలి.

మూడోది, విపిఎన్. ముందు రహస్య సంకేతాల్లో ఒక సొరంగం ద్వారా ఆఫీసు లోపలి నెట్‌వర్క్‌లోకి వస్తారు. వచ్చాకే అడ్మిన్ పేజీ తెరుచుకుంటుంది. బయటివాళ్ళకి ఆ పేజీ కనిపించదు. వైర్‌గార్డ్, ఓపెన్ విపిఎన్ లాంటివి ఈనాటి వ్యాపార రౌటర్లలో చాలావాటిలో ఉంటాయి. ఒక్కో మనిషికి ఒక్కో తాళంచెవి ఇవ్వవచ్చు, ఒకరు వెళ్ళిపోతే వాళ్ళదొక్కటే రద్దు చేయవచ్చు. దీనికి సాధారణంగా కనెక్షన్ ఇచ్చిన కంపెనీనుంచి స్టాటిక్ ఐపి అడిగి తీసుకోవాలి. 2022లో ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ విపిఎన్ కంపెనీల మీద పెట్టిన నిబంధనలు విని విపిఎన్ అంటే చట్టవిరుద్ధమేమో అని భయపడేవాళ్ళున్నారు. తమ ఉద్యోగుల కోసం సంస్థలు పెట్టుకునే విపిఎన్‌లకి ఆ నిబంధనలు వర్తించవని సెర్ట్-ఇన్ వివరణ ఇచ్చింది.

ఏ దారిలో వెళ్ళినా చేయవలసినవి కొన్నున్నాయి. స్టిక్కర్ మీది పాస్‌వర్డ్ మొదటిరోజే మార్చాలి. అడ్మిన్ ఖాతా ఒక్కటే పెట్టి అందరూ వాడుకోకూడదు, ఎవరి పేరు వారిది ఉండాలి. రౌటర్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వచ్చినప్పుడు వేయాలి. కంపెనీ అప్‌డేట్లు ఆపేసిన పాత రౌటర్‌ని, ఎంత బాగా పనిచేస్తున్నా సరే, మార్చేయాలి. బటన్ నొక్కితే కలిసిపోయే డబ్ల్యుపిఎస్‌ని ఆపాలి. మీ దగ్గరికి వచ్చే స్త్రీలకీ, సీసీ కెమెరాలకీ వేరే నెట్‌వర్క్ ఇచ్చి, కేసు ఫైళ్ళున్న కంప్యూటర్లకి దూరంగా ఉంచాలి.

దూరం నుంచి సెట్టింగులు మార్చేటప్పుడు ఇంకో ఇబ్బంది ఉంది. ఒక తప్పు మార్పుతో మన దారి మనమే మూసేసుకోవచ్చు. వరంగల్ కేంద్రం రౌటర్‌ని మధురానగర్‌లో కూర్చుని మార్చబోయి నెట్ తెగిపోతే, మళ్ళీ సరిచేయడానికి దారి ఉండదు. అందుకే కొన్ని రౌటర్లలో 'సేఫ్ మోడ్' ఉంటుంది, కనెక్షన్ తెగితే మార్పు దానంతటదే వెనక్కిపోతుంది. అది లేనిచోట ముందు సెట్టింగుల నకలు తీసుకోండి. అక్కడ ఒక మనిషి రౌటర్ పక్కనే ఫోన్‌లో ఉండగా చేయండి. ఆ నకలులో పాస్‌వర్డులుంటాయి కాబట్టి దాన్ని వాట్సాప్ గ్రూపులో పెట్టకూడదు.

మన బాధ్యత, మన అధికారం

గృహహింస చట్టం 2005లోని 10వ సెక్షన్ కింద నమోదైన సంస్థలని 'సర్వీస్ ప్రొవైడర్' అంటారు. నెట్ ఇచ్చే కంపెనీనీ సర్వీస్ ప్రొవైడర్ అనే అంటారు. మొదటి సర్వీస్ ప్రొవైడర్‌గా గృహహింస నివేదిక రాసే అధికారం మనకి చట్టం ఇచ్చింది. ఆ నివేదిక రెండో సర్వీస్ ప్రొవైడర్ తీగల మీదుగా వెళుతుంది. పనిస్థలాల్లో లైంగిక వేధింపుల చట్టం 2013, ఫిర్యాదు చేసిన స్త్రీ పేరూ చిరునామా బయటపెట్టరాదని 16వ సెక్షన్‌లో స్పష్టంగా చెప్పింది. బీరువాకి తాళం వేసి రౌటర్‌ని తెరిచి ఉంచితే ఈ బాధ్యత తీరినట్టు కాదు.

ఇదే సమయంలో మన చేతికి వచ్చే అధికారం గురించి కూడా మాట్లాడుకోవాలి. హాస్టల్ నడిపేవాళ్ళకి అమ్మాయిలు రాత్రి ఏం చూస్తున్నారో రౌటర్ చెప్పగలదు. 'వాళ్ళ మంచికే' అని చూడాలనిపిస్తుంది. తండ్రులూ అన్నలూ కూడా మంచికే అన్నారు. ఎవరు సెట్టింగులు మార్చారు, ఎప్పుడు లాగిన్ అయ్యారు అన్న రికార్డు ఉంచండి. ఎవరు ఏ సైటు చూశారన్న రికార్డు అవసరం లేకపోతే ఉంచకండి. లేని రికార్డుని ఎవరూ దొంగిలించలేరు. మన దగ్గర ఏం నమోదవుతోందో అక్కడ ఉండేవాళ్ళకి చెప్పండి.

'ఆ అబ్బాయి' గురించి కూడా ఒక మాట. అతనిమీద అనుమానం పెంచడం నా ఉద్దేశం కాదు. మండుటెండలో బండిమీద తిరుగుతూ, ఇన్ని కనెక్షన్లు పూర్తిచేయాలన్న ఒత్తిడిలో పనిచేసే కార్మికుడు అతను. ఎవరూ అడగనప్పుడు సులభమైన దారి చేసి వెళతాడు. కాబట్టి అడగాలి. 'రిమోట్ మేనేజ్‌మెంట్ ఆపారా? అడ్మిన్ పాస్‌వర్డ్ నేను కొట్టుకుంటాను, అటు తిరగండి' అనడం అవమానించడం కాదు. బయటి మనిషికి దూరం నుంచి పని ఇస్తే తనకంటూ ఖాతా తెరిచి, పని అయ్యాక మూసేయండి. ఈ షరతులు కాగితం మీద రాసుకోండి. ఒప్పందం ప్రకారం చేతికి వచ్చిన వ్యక్తిగత వివరాలు బయటపెట్టడం ఐటి చట్టం 72ఎ కింద నేరం.

చివరగా ఈ పని ఎవరు చేస్తారు అన్నది. సంస్థల్లో ఇది అందరికంటే చిన్న అమ్మాయి నెత్తిన పడుతుంది, 'నీకు ఫోన్లు బాగా తెలుసు కదా' అని. జీతంలో ఇది లెక్కలోకి రాదు. ఇంటిపనిలాగే కనిపించని పని అవుతుంది. ఇద్దరికి నేర్పించండి, పని వివరాల్లో రాయండి, బడ్జెట్‌లో కొంత డబ్బు దీనికని పెట్టండి, ఏడాదికోసారి బాధ్యత మార్చండి. ఒకరు మానేసిన రోజున తాళాలతోపాటు అప్పగించవలసిన జాబితాలో అడ్మిన్ ఖాతా కూడా ఉండాలి.

రేపు ఆఫీసుకి వెళ్ళగానే ఒక పని చేయమని కోరుతున్నాను. నిపుణుల కోసం ఆగక్కర్లేదు. రౌటర్ దగ్గర నిలబడి నాలుగు ప్రశ్నలకి సమాధానం ఒక నోటుబుక్కులో రాయండి. అడ్మిన్ పాస్‌వర్డ్ ఎవరెవరికి తెలుసు? ఖాతా ఎవరి ఈమెయిల్ మీద ఉంది? బయటినుంచి లోపలికి రావడానికి ఏ దారి తెరిచి ఉంది? చివరిసారి సాఫ్ట్‌వేర్ ఎప్పుడు మారింది? సమాధానం తెలియనిచోట ఖాళీ వదలండి. ఆ ఖాళీలు పట్టుకుని రండి, మన తర్వాతి సమావేశంలో వాటిని ఒక్కొక్కటిగా నింపుదాం.